నీళ్ళు తోడిన చేతులు

2025 జులై చివర్లో ఒక రాత్రి, పదకొండు దాటాక, నా పాత విద్యార్థిని ఫోనుకి ఒక లింకు పంపింది. ‘మేడం, పడుకోకండి, ఇది చూడండి’ అని కింద ఒక ముక్క. తెరిస్తే చీకటి. ఆ చీకట్లో యంత్రం దీపాలు పడినంత మేర బూడిదరంగు నేల మెల్లగా జరుగుతోంది. అర్జెంటీనా తీరానికి ఆవల మార్ దెల్ ప్లాతా అనే సముద్రపు లోయలోకి ఒక యంత్రాన్ని దింపారు. దాని కంటికి కన్పించేదంతా అప్పటికప్పుడే యూట్యూబులో లోకమంతా చూస్తోంది. ఓడ మీద కూచున్న శాస్త్రవేత్తలు స్పానిష్‌లో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళలో ఆడగొంతులు చాలా ఉన్నాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అది ఉపన్యాసం కాదని మాత్రం తెలుస్తోంది. పని చేసుకుంటూ మాట్లాడుకునే మాటలవి. నాట్లప్పుడు మా ఆడవాళ్ళు మాట్లాడుకునే తీరు. మధ్యలో నవ్వు, ఉన్నట్టుండి నిశ్శబ్దం, ఎవరో ‘అదిగో అదిగో’ అన్నట్టు అరవడం. ఊదారంగులో ఉన్న ఒక సముద్ర జీవికి వాళ్ళు ‘బతతీతా’ అని ముద్దుపేరు పెట్టుకున్నారట. అంటే చిన్న చిలగడదుంప. మేమైతే మొరంగడ్డ అంటాం.

ఆ ఓడ మూడు వారాలు అక్కడుంది. అర్జెంటీనాలో ఇళ్ళల్లో ముసలమ్మలూ బడిపిల్లలూ టీవీ సీరియల్ చూసినట్టు దాన్ని చూశారు. ఆ దేశపు ప్రభుత్వం పరిశోధనలకిచ్చే డబ్బుకి కోత పెడుతున్న రోజులవి. ఆ కోత వల్ల పోయేదేమిటో లక్షలమంది కళ్ళారా చూశారు. అదీ తమ భాషలో.

‘అడవిలో కూచుని నీకు సముద్రం గొడవేంటి?’ అని మా కాలేజీ స్నేహితురాలు తర్వాత నవ్వింది. భద్రాచలంలో ఉండి చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి ఆ ప్రశ్న న్యాయమే. నా దగ్గర జవాబులు లేకపోలేదు. 1959 దాకా మా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, అంటే సముద్రమున్న జిల్లాలో. ఆ తర్వాతే ఖమ్మంలో కలిపారు. 2016లో కొత్తగూడెం జిల్లా అయ్యాం. ఖమ్మం నుంచి ఇటు దాకా గోదావరి లోయ పొడుగునా కన్పించే పాఖాల రాళ్ళు నూరు కోట్ల ఏళ్ళకు పైబడిన ఓ పాత సముద్రం అడుగున పేరుకున్నవే. ఇవన్నీ వాదన కోసం చెప్పేవి. అసలు సంగతి మా ఇంటి ముందు నుంచి వెళ్ళే నీళ్ళు. మా ఊళ్ళో వర్షాకాలం వచ్చిందంటే ప్రతి ఫోనులోనూ గంటగంటకీ ఒక అంకె తిరుగుతుంది. 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయని మేము అడగం. మమ్మల్ని వదిలి పోతే చాలనుకుంటాం.

అవి పోయి ఏం చేస్తాయో చెప్పేవాళ్ళు సముద్ర శాస్త్రవేత్తలు. బంగాళాఖాతం పైపొర చాలా సముద్రాలకంటే తక్కువ ఉప్పగా ఉంటుంది. గంగా బ్రహ్మపుత్రలతో పాటు మహానదీ గోదావరీ కృష్ణలు తెచ్చి పోసే మంచినీళ్ళే దానికి కారణం. తేలికైన ఆ నీళ్ళు మూతలా పరుచుకుని కింది చల్లనీళ్ళను పైకి రానివ్వవు. ఆ పైపొర వెచ్చగా ఉండిపోయి తుఫాన్లకి బలమిస్తుంది. ఈ నాలుగు వాక్యాలు నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. ఇందాక చెప్పిన విద్యార్థిని నేర్పింది. ఫోనులో.

ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. ముందు నా వృత్తికి సంబంధించిన ఒక బాధ చెప్పుకోవాలి.

శాస్త్ర పత్రాల్లో ‘నమూనాలు సేకరించబడినవి’ అని రాస్తారు. ఎవరు సేకరించారు? తెలుగు వాక్యానికి ఆ ప్రశ్న అక్కర్లేదు, ఎందుకంటే మన క్రియలోనే మనిషి ఉంటుంది. తోడాను, తోడింది, తోడాం. చేసిన మనిషిని తీసేసి పనిని మాత్రం మిగిల్చే ‘బడు’ ప్రయోగాన్ని మనం ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల నుంచి అరువు తెచ్చుకుని అదే శాస్త్రీయ భాష అనుకున్నాం. ఆ ‘బడు’లో ఎంతమంది ఆడవాళ్ళు పడిపోయారో లెక్క కట్టడానికి చరిత్రకారులకి ఆధారాలు దొరకవు. పరిశోధన ఫలితం అచ్చవుతుంది. తెల్లవారుజామున లేచి సీసాలు కడిగిన రోజు అచ్చవదు. ‘మనకు తెలియని మన చరిత్ర’ కోసం స్త్రీశక్తి సంఘటన వాళ్ళు టేప్ రికార్డరు పట్టుకుని తెలంగాణా సాయుధపోరాటంలోని స్త్రీల దగ్గరికి వెళ్ళారు. 1986లో ఆ పుస్తకం వచ్చినప్పుడు మనకి కొత్తగా తెలిసింది ఈ రోజుల సంగతే. అన్నం వండిన రోజు, ఉత్తరం మోసిన రోజు, పురుడు పోసుకున్న రోజు. ఉద్యమానికి వర్తించింది ప్రయోగశాలకి ఎందుకు వర్తించదు?

తమ పనిని తామే లోకానికి చూపించుకోవాలన్న కోరిక సోషల్ మీడియాతో పుట్టిందనుకుంటే పొరపాటు. నాకు చాలా ఇష్టమైన కథ ఒకటుంది. ఇంగ్లండులో అనా అట్కిన్స్ అనే ఆమె సముద్రపు నాచు మొక్కల్ని సేకరించేది. 1842లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త, వాళ్ళ కుటుంబానికి తెలిసినవాడే, ఎండతో నీలిరంగు బొమ్మ దించే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. మందు పూసిన కాగితం మీద వస్తువుని పెట్టి ఎండలో ఉంచి, తర్వాత నీళ్ళల్లో కడిగితే చుట్టూ నీలం, వస్తువున్న చోట తెలుపు. (తర్వాతి కాలంలో ఇంజనీర్లు ఆనకట్టల బొమ్మలు గీసుకున్న బ్లూప్రింటు ఇదే పద్ధతి.) మరుసటి ఏడే, 1843లో, అట్కిన్స్ నాచు మొక్కల్ని ఆ కాగితాల మీద పరిచి పుస్తకం మొదలుపెట్టింది. ఒక్కో పేజీ ఎండలో పెట్టడం, కడగడం, ఆరబెట్టడం. పదేళ్ళు చేసింది. ఛాయాచిత్రాలతో వచ్చిన మొట్టమొదటి పుస్తకంగా దాన్నే చెప్తారు. అమ్మకానికి కాదు. భాగాలు భాగాలుగా స్నేహితులకీ శాస్త్రవేత్తలకీ పంచిపెట్టింది. కొత్త సాధనం చేతికి రాగానే ఒక స్త్రీ సముద్రం నుంచి తెచ్చిన దాన్ని నలుగురికీ పంచింది. ఇవాళ్టి పిల్లలు చేస్తున్నదీ ఇదే కదా.

అయితే ఆ పుస్తకానికి ఆమె ‘ఏ.ఏ.’ అని పొడి అక్షరాలు మాత్రమే పెట్టుకుంది. నలభై ఏళ్ళు దాటాక దాన్ని చూసిన ఒకాయన ఆ అక్షరాలకి ‘అనానిమస్ అమెచ్యూర్’ అని అర్థం చెప్పుకున్నాడు. అజ్ఞాత ఔత్సాహికుడన్నమాట! పేరు లేకపోతే ఊరు దానంతటదే పుట్టుకొస్తుంది.

ఈ పొడి అక్షరాల వరస అక్కడితో ఆగలేదు. రాచెల్ కార్సన్ 1937లో ఒక పెద్ద పత్రికలో సముద్రం అడుగు గురించి వ్యాసం రాసినప్పుడు ‘ఆర్.ఎల్. కార్సన్’ అని సంతకం చేసింది, మగవాడు రాశాడనుకుంటేనే నమ్ముతారని. పన్నెండేళ్ళ తర్వాత, 1949లో, తను పనిచేసే ప్రభుత్వ శాఖకి చెందిన ఆల్బట్రాస్ అనే నౌక మీద వెళ్ళాల్సి వచ్చింది. అంతమంది మగవాళ్ళ మధ్య ఒక్క ఆడమనిషి ఎట్లా అన్నారు. ఇద్దరైతే ఫర్వాలేదన్నారు! తోడుగా తన పుస్తకాల వ్యవహారం చూసే మేరీ రోడెల్‌ని తీసుకెళ్ళింది. మనకి బాగా తెలిసిన ఏర్పాటే. ఊరెళ్ళాలంటే తోడు కావాలి.

మేరీ థార్ప్‌కి ఆ తోడు ఏర్పాటు కూడా లేదు. న్యూయార్కు దగ్గర లామాంట్ పరిశోధనా సంస్థలో కూచుని, మగవాళ్ళు ఓడల మీద తిరిగి తెచ్చిన లోతుల అంకెలతో అట్లాంటిక్ అడుగు బొమ్మ గీసింది. 1952లో ఆ బొమ్మలోనే సముద్రం మధ్య పర్వతశ్రేణి నడుమ ఒక లోయ ఉందని గుర్తించింది. ఆడవాళ్ళ కబుర్లని సహచరుడు తీసిపారేశాడు. భూమి పలకలు కదులుతున్నాయన్న సిద్ధాంతానికి ఆ లోయ గట్టి ఆధారమైంది. ఓడెక్కనిచ్చింది 1968లో. పదహారేళ్ళు తను గీసిన సముద్రాన్ని తను చూడలేదు.

ఇదంతా పడమటి దేశాల గొడవనుకోనక్కర్లేదు. 1952లో లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ అధ్యాపకుడిగా వాల్తేరు వచ్చాడు. మన దేశంలో విశ్వవిద్యాలయ స్థాయి సముద్ర పరిశోధన కుదురుకోవడానికి ఆంధ్రా యూనివర్సిటీలో ఆ రోజుల్లో జరిగిన పని చాలా ముఖ్యం. వాల్తేరు తీరంలో కొన్ని నెలల్లో అడుగునీళ్ళు పైకి ఉబికి రావడం గురించి ఆయన అప్పుడే రాశాడు. 1963లో అంతర్జాతీయ హిందూమహాసముద్ర యాత్రలో భాగంగా ఆంటన్ బ్రూన్ నౌక మన తీరానికొచ్చింది. నీళ్ళ కింద మూడు లోయలు కన్పిస్తే వాటికి ఆంధ్రా, మహాదేవన్, కృష్ణా అని పేర్లు పెట్టారు. యూనివర్సిటీ పేరొకటి, భూగర్భశాస్త్ర ఆచార్యుడి పేరొకటి, వైస్ ఛాన్సలర్ వి.ఎస్. కృష్ణగారి పేరొకటి. కృష్ణా అంటే నది అనుకుని చాలాకాలం నేను మురిసిపోయాను. లాఫాండ్ వ్యాసాల్లో కొన్నిటి మీద కాథరిన్ లాఫాండ్ పేరు కూడా ఉంటుంది. ఆయన భార్య. పేపరు మీద పేరు మిగిలింది, ఆమె పనిరోజు మిగల్లేదు.

మన దేశంలో గట్టు తెగింది 1983లో. గోవాలోని జాతీయ సముద్ర పరిశోధనా సంస్థ నుంచి అదితీ పంత్, భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా అంటార్కిటికాకి వెళ్ళారు. అక్కడ అడుగుపెట్టిన మొదటి భారతీయ స్త్రీ శాస్త్రవేత్తలు వాళ్ళిద్దరే. మళ్ళీ ఇద్దరు, గమనించారా? సేన్‌గుప్తా తిరిగొచ్చి ఆ అనుభవం మీద బెంగాలీలో పుస్తకం రాసింది. తన భాషలో రాసుకున్నందుకు నాకామె మీద ప్రత్యేకమైన గౌరవం. మన భాషలో స్త్రీల చరిత్రకి మొదటి రాళ్ళు పేర్చిన భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగాన్ని 1901లో తెచ్చింది. 1905లో చనిపోయింది. మరుసటి ఏడే తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు విజ్ఞానచంద్రికా మండలిని నిలబెట్టి తెలుగులో శాస్త్ర గ్రంథాలు వేయించాడు. స్త్రీల చరిత్ర అక్క చేతిలో, విజ్ఞానం తమ్ముడి చేతిలో. ఒకే ఇంట్లో పుట్టిన ఆ రెండు దారులూ కలిసి ఒక శాస్త్రవేత్త అయిన స్త్రీ తన రోజు గురించి తెలుగులో రాసుకోవడం అప్పుడు జరగలేదు. అచ్చమాంబ ఇంకొన్నేళ్ళు బతికుంటేనా అని ఊహించుకోవడం నా బలహీనత.

2015 జూన్‌లో సియోల్‌లో ఒక సమావేశంలో నోబెల్ గ్రహీత టిమ్ హంట్ ప్రయోగశాలల్లో ఆడవాళ్ళుంటే ప్రేమల గొడవ, విమర్శిస్తే ఏడుస్తారు అన్నట్టు మాట్లాడాడు. హాస్యమన్నాడు తర్వాత. దానికి జవాబుగా ప్రపంచమంతటి నుంచీ స్త్రీ శాస్త్రవేత్తలు ట్విట్టర్‌లో తమ పని ఫోటోలు పెట్టారు. బురదలో మోకాళ్ళ దాకా దిగినవాళ్ళు, ఈతదుస్తుల్లో మునకకి సిద్ధమైనవాళ్ళు, ముఖమంతా కప్పుకుని రసాయనాలు పట్టుకున్నవాళ్ళు. ‘చూడండి, మేమెంత మనసు చెదరగొడుతున్నామో’ అని వెక్కిరింత. వాళ్ళు కోపంతో పెట్టిన ఆ ఫోటోలు నాలాంటివాళ్ళకి దస్తావేజులు. 2020 జూన్‌లో నలుగురు నల్లజాతి అమ్మాయిలు, సొరచేపల మీద పరిశోధన చేసేవాళ్ళు, ట్విట్టర్‌లోనే ఒకరికొకరు తారసపడి ఒక సంస్థ పెట్టుకున్నారు. అంతకుముందు ప్రతి ఒక్కరూ ఈ రంగంలో తనలాంటిది తనొక్కతే అనుకున్నారట. 2016 నుంచి మన దేశంలో ఆషిమా డోగ్రా, నందితా జయరాజ్ ప్రయోగశాలలకి తిరిగి స్త్రీ శాస్త్రవేత్తల పని గురించి రాస్తూ వస్తున్నారు. విశాఖలో ఈస్ట్ కోస్ట్ కన్సర్వేషన్ టీమ్ వాళ్ళు ఆటుపోటు తీసినప్పుడు రాళ్ళ గుంటల్లో మిగిలే జీవుల్ని జనానికి చూపించి ఆ ఫోటోలు పంచుకుంటారు. మన సముద్రం కూడా ఇప్పుడిప్పుడే ఫోనులోకి వస్తోందన్నమాట.

ఇక మా అమ్మాయి. దుమ్ముగూడెం వైపు కోయ గూడెం వాళ్ళది. డిగ్రీలో జువాలజీ, తర్వాత విశాఖలో సముద్ర జీవశాస్త్రం. ఇప్పుడు ఒక ప్రాజెక్టులో చిన్న ఉద్యోగం. 2023లో ఇన్‌స్టాగ్రామ్‌లో తెలుగులో తన పనిరోజుల్ని పెట్టడం మొదలుపెట్టింది. ‘నాలుక్కి లేచాం. పడవ కదలడానికి ఆరైంది. వల వేశాం. నాకు వాంతులు’ ఇట్లా ఉండేవి. ‘బడు’ ఒక్కటి లేదు! నీళ్ళల్లో కొట్టుకుపోయే కంటికి కనపడని జీవుల్ని వెయ్యి గళ్ళున్న చిన్న గాజుపలక మీద ఒక చుక్క వేసి గడి గడీ లెక్కపెట్టడం ఆమె పని. ఒకసారి సెలవులకొచ్చి అమ్మకి ఆ ఫోటో చూపించింది. నేనూ ఉన్నానప్పుడు. వాళ్ళమ్మ ఎండాకాలమంతా తునికాకు కోసి, యాభై ఆకులు లెక్కపెట్టి కట్ట కట్టే మనిషి. శ్రద్ధగా చూసి, ‘మా పనే గదా టీచరమ్మా, లెక్కపెట్టుడు’ అంది. ఆ తర్వాత కూతురితో, ‘మరి మీ కల్లేదారు ఎవరే? లెక్క ఎవరి పేరున రాస్తడు?’ అనడిగింది.

కల్లంలో కట్టలు లెక్క రాసుకునేవాడు కల్లేదారు. కూతురు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పరిశోధనా పత్రం మీద ఎవరి పేరుండాలన్న తగువుకి అంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు.

2024లో పడవలోంచి దిగి, తడిసిన బట్టలతో, చేతిలో వల పట్టుకుని నవ్వుతున్న ఫోటో ఒకటి పెట్టింది. కింద రాతలు రాతలు కావు. ఎవరో దాన్ని గూడెం వాట్సాప్ గుంపులో కూడా వేశారు. అన్న ఫోను చేసి తిట్టాడు. రాత్రి నాకు ఫోను చేసి ‘ఏం చెయ్యమంటారు మేడం?’ అంది. పాతికేళ్ళుగా స్త్రీల చరిత్ర పాఠం చెప్పినదాన్ని. ‘ఎందుకొచ్చిన గొడవమ్మా, ఆ పేజీ మూసెయ్యి. చదువు ముఖ్యం’ అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది నా నోటి నుంచి ఆ మాట. సరే మేడం అని పెట్టేసింది.

రెండు నెలలు ఏమీ లేదు. ఆ తర్వాత మొదలుపెట్టింది, చేతులతో. అప్పటి నుంచి ఆ పేజీలో ఆమె ముఖం లేదు, పేరు లేదు. సీసా పట్టుకున్న చేతులు, వల పిండుతున్న చేతులు, గాజుపలక సర్దుతున్న వేళ్ళు. బాగుందని చాలామంది మెచ్చుకుంటారు, ప్రత్యేకమైన శైలి అని. నాకు మాత్రం ఏ.ఏ. గుర్తొస్తుంది, ఆర్.ఎల్. గుర్తొస్తుంది. నూట ఎనభై ఏళ్ళ తర్వాత, అందరూ అన్నీ చూపించుకుంటున్నారని మనం విసుక్కునే కాలంలో, ఒక శాస్త్రవేత్త మళ్ళీ పొడి అక్షరాలయింది. అందులో నా చెయ్యి కూడా ఉంది. వాళ్ళమ్మ మాత్రం ఫోను చూసి, ఎడమ బొటనవేలి దగ్గర చిన్నప్పుడు కొడవలి తెగిన మచ్చ చూసి, ‘మా పిల్లే’ అంటుంది.

తనకి క్షమాపణ చెప్పుకున్నాను. ‘అప్పుడు నాక్కూడా భయమేసింది మేడం’ అంది, నన్ను ఊరడిస్తున్నట్టు.

ఇప్పుడు ఆ పేజీలో వచ్చేవన్నీ తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. వెర్రి అనుకోవచ్చు. ఆర్కుట్ 2014లో పోయింది, అందులో ఆడవాళ్ళు రాసుకున్న ఎన్ని మాటలు పోయాయో. 2022లో ట్విట్టర్ చేతులు మారింది, మరుసటి ఏడు పేరే మారింది. శాస్త్రవేత్తలు గుంపులుగా వేరేచోట్లకి వెళ్ళారు. ఈ గోడలు మనవి కావు. ఎవరో కంపెనీవాడి గోడమీద మనం ముగ్గు వేస్తున్నాం. వాడు సున్నం కొట్టించుకుంటే అడగడానికి లేదు. అట్కిన్స్ నీలి కాగితాలు ఇప్పటికీ గ్రంథాలయాల్లో ఉన్నాయి. మా అమ్మాయి చేతులు ఎక్కడుంటాయి?

మొన్న వర్షాకాలం గోదావరి సముద్రంలో కలిసే చోటికి వెళ్ళారు. తాడు కట్టిన తెల్లటి పళ్ళేన్ని నీళ్ళల్లోకి దింపి, అది ఎంత లోతులో కనపడకుండా పోతుందో కొలుస్తారు. నీళ్ళల్లో మట్టి ఎంతుందో తెలుసుకోడానికి. 1865లో సెచ్చి అనే ఇటలీ ఫాదరీ పోప్‌గారి నౌక మీద మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే. ఫోటోలో తాడు పట్టుకున్న రెండు చేతులు, కింద ఎర్రటి నీళ్ళు. ‘జానెడు దిగేసరికి మాయమైంది. ఇదంతా మా వైపు మట్టే’ అని రాసింది. కాసేపటికి నాకు విడిగా ఇంకో మెసేజి. ‘మేడం, అక్కడ నీళ్ళెంత?’

చెప్పులేసుకుని కరకట్ట మీదకి వెళ్ళి చూసొచ్చాను. ‘38 అడుగులు. తగ్గుతోంది’ అని పంపాను.